సమాధిశిలయు నకలు వ్రాతయు

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



తెలుగుదేశమున తర్పణము విడుచువాడు తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరముల పేర్లు చెప్పును. అంతకు పైవారి పేరు అడిగినచో గోత్రము చెప్పి ఊరకుండును. దహనసంస్కారము చేయు కుటుంబములలో పూర్వుని గుర్తు నోటిమాటలో ఉండునే గాని నేలమీద ఉండదు. ఖననము చేయు కుటుంబములలో నేలమీద ఒక రాయి ఉండును. జంగములు, క్రైస్తవులు, మహమ్మదీయులు, యతుల శిష్యవర్గములవారు ఈ రెండవ తెగవారు. కారెంపూడిలోని వీరుల గుడి, రాయలసీమ పొలిమేరలలోని వీరగల్లులు, మంత్రాలయమునందలి బృందావనము ఈ సంప్రదాయమునకే సాక్ష్యములు. రాయి ఉన్నది గనుక పేరు నిలుచునని సామాన్యముగా అందఱును అనుకొందురు. పాడుపడిన శ్మశానములో తన పూర్వుని రాయిని వెదకుకొనుచు తిరిగినవానికి మాత్రము ఆ నమ్మకము ఒక్క పూటలో సడలిపోవును. రాయి అరుగును, పగులును, ఒకచోటినుండి మఱియొకచోటికి జరుగును, తుదకు మాయమగును. పేరును కాపాడునది చాలమాఱులు వేఱొకటి. ఎవరో ఒక గుమాస్తా, ఒక పాదిరి, ఒక ఉద్యోగి శ్రద్ధతో వ్రాసిపెట్టిన నకలు దానిని కాపాడును. ఆ అన్వేషణమును, ఆ నకలును నేటి ప్రసంగమునకు విషయములు.

ఇందులకు తెలుగుతీరమే తగిన ఉదాహరణము. గోలకొండ సుల్తానుల కాలమున డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్టణమున కోఠీ నెలకొల్పిరి. ఇంగ్లీషువారు 1611లో అచ్చటికే వచ్చిరి. నేతబట్టలు, అద్దకపుబట్టలు కొని తూర్పుదీవులకును ఐరోపాకును ఓడలలో పంపుట వారి వ్యాపారము. వచ్చినవారిలో పెక్కుమంది తిరిగి పోలేదు. జ్వరములును విషూచియు వారిలో చాలమందిని నడివయస్సు రాకమునుపే తీసికొనిపోయినవి. బందరులోని డచ్చి సమాధుల దొడ్డి, భీమునిపట్టణమున హాలెండర్స్ గ్రీన్ అనుచోటి సమాధులు, తెలుగువారు ప్రళయకావేరి యని పిలుచు పులికాటులోని సమాధులు ఆ మరణములకు గుర్తులు. పులికాటు దొడ్డి ద్వారముకడ రెండు అస్థిపంజరముల బొమ్మలు రాతిలో చెక్కబడియున్నవి. లోనికి పోవువానికి మొదటి మాట చెప్పునవి అవియే. 1824 నాటి లండను ఒడంబడికను అనుసరించి 1825లో భీమునిపట్టణము, పులికాటు ఇంగ్లీషువారి వశమైనవి. ఊళ్లు చేతులు మాఱినవి. సమాధులు మాత్రము ఉన్నచోటనే యుండిపోయినవి.

ఈ డచ్చి సమాధులపైని పలకలు చూడదగినవి. పెద్ద పెద్ద నల్లని రాతిపలకలమీద వంశచిహ్నములు, కిరీటములు, పూలతీగెలు ఉబ్బెత్తుగా చెక్కి, వాని క్రింద మృతుని పేరు, ఉద్యోగము, పుట్టిన ఊరు, చనిపోయిన దినము వ్రాసిరి. చెక్కినవారు ఈ తీరపు శిల్పులే. వారి చేతిపనికి ఎంత పేరుండెననగా, కోరమాండల్ తీరపు చెక్కుడురాళ్లు బటావియాకు గూడ ఓడలలో పోయెడివి. ఆ విధముగా ఒక డచ్చి వర్తకుని జ్ఞాపకము తెలుగు, తమిళ దేశపు శిల్పి ఉలిలోనుండి పుట్టినది. కాని పలకమీద వర్తకుని పేరే గాని శిల్పి పేరు లేదు.

బందరులోను పులికాటులోను ఉన్న డచ్చి సమాధులు కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో నున్నవి. ఇట్టి భాగ్యము పట్టినవి కొన్ని మాత్రమే. పాత కంటోన్మెంటులు, కలెక్టరు కచేరీలు, కాలువల లాకులు, రైల్వే బంగళాలు ఉన్న ఊళ్లలో జనులు దొరల సమాధులని చెప్పుకొను చిన్న చిన్న దొడ్లు ఇంకను కలవు. ప్రహరీ గోడ పడిపోయి, సర్కారుతుమ్మ అల్లుకొని, మేకలు తిరుగుచుండును. పలకలమీద చాకలి బట్టలు ఆఱవేసికొనును. ఇటుకతోను గచ్చుతోను కట్టిన గోపురమువంటి సమాధులకు నడుమ చలువరాతి పలక పొదిగియుండెడిది. ఆ పలకను ఎవరో ఊడదీసికొనిపోగా, గోపురము పేరు లేక నిలిచియుండును. గోపురము పెద్దది, పలక చిన్నది. అయినను పోయినది పలకయే గనుక ఆ సమాధి ఎవరిదో చెప్పుటకు ఇక వీలులేదు.

మనుష్యులు ముట్టకున్నను రాయి చెడును. సముద్రతీరమున గాలిలోని ఉప్పు తేమతో కలిసి రాతి సందులలోనికి పోవును. ఎండకు నీరు ఆఱి ఉప్పు స్ఫటికములై పెరిగి, రాతి పైపొరను లోపలినుండి పొట్టువలె లేపివేయును. వానకు చలువరాయి కొంచెము కొంచెముగా కరగును. పాచి అక్షరముల పల్లములలో చేరును. రావివిత్తనము పగులులో మొలచి, వేరు లావెక్కినకొలది పలకను రెండు ముక్కలు చేయును. ఉబ్బెత్తు అక్షరములు పైనుండి అరిగి నున్నబడును. లోతుగా చెక్కిన అక్షరములు మన్నుతో పూడును. పూడినదానిని చదువవచ్చును గాని అరిగిపోయినదానిని చదువుట కష్టము. వీనికి తోడు తుపానులు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. బ్రదికినవారే తమవారి శవములను గుర్తింపలేని ఆ దినములలో పాతవారి సమాధులను తలచుకొన్నవారు ఎవరుందురు?

ఇట్టి చోటికి దూరదేశమునుండి ఒక వంశీయుడు వచ్చెననుకొందము. అతని చేతిలో తాతమ్మ వ్రాసిన ఒక ఉత్తరము, ఒక పేరు, ఒక సంవత్సరము ఉండును. అతడు నేరుగా దొడ్డిలోనికి పోయి, ముళ్లు తప్పించుకొనుచు ఒక్కొక్క రాయిని తడవుచు తిరుగును. సాయంకాలమునకు చేతులు గీచుకొనిపోవును, పేరు మాత్రము దొరకదు. సమాధి లేదని నిశ్చయించుకొని తిరిగి పోవును. ఈ పద్ధతిలో రెండు పొరపాటులున్నవి. రాయి ఉన్నచోటనే మనిషి ఉండునని అనుకొనుట ఒకటి. వెదకుట నేలమీద మొదలుపెట్టుట రెండవది.

మొదటిదానిని గూర్చి మదరాసు చక్కని పాఠము చెప్పును. అచ్చటి ఇంగ్లీషువారి పాత శ్మశానము కోటకు వెలుపల, తరువాతి కాలమున న్యాయకళాశాల వెలసిన ఆవరణలో నుండెడిది. 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు అతని సైనికులు ఆ సమాధుల చాటున నిలిచి కోటమీద కాల్చిరి. ముట్టడి తీరిన పిదప ఇంగ్లీషువారు ఆ కట్టడములను పడగొట్టి, పలకలను కోటలోని సెయింట్ మేరీ చర్చి ఆవరణలో పఱచిరి. నేడు ఆ చర్చి చుట్టును నడచువాడు పలకలమీద పేర్లు చదువుచు నడచును. వాని క్రింద మాత్రము ఆ పేర్లు గలవారు లేరు. పాతచోట హిన్మర్స్ అను కౌన్సిలు సభ్యునిదియు, గవర్నరు ఎలిహూ యేల్ కుమారునిదియు అగు సమాధి కట్టడము మాత్రము విడువబడినది. 

మఱియొక ఉదాహరణము తెలుగువారికి బాగుగా తెలిసిన మనిషిది. దత్తమండలముల కలెక్టరుగా పనిచేసి, పిదప మదరాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో విషూచిచే మరణించెను. రాయలసీమ రైతులు ఆయన పేరును బిడ్డలకు పెట్టుకొనిరని ప్రసిద్ధి. ఆయన దేహమును గుత్తిలో పూడ్చిరి. 1831లో అవశేషములను తీసి మదరాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చిరి. ఒక్క మనిషికి మరణించినచోటు ఒకటి, పూడ్చినచోటు ఒకటి, చివరకు చేరినచోటు వేఱొకటి. ఆయన గవర్నరు గనుక ఈ మూడును గ్రంథములలో వ్రాయబడియున్నవి. ఒక సామాన్య సిపాయి విషయమున అట్లు వ్రాసిపెట్టువా రెవరు?

కలకత్తాలో పనిచేయు సభ్యులు సౌత్ పార్కు వీధి శ్మశానమును చూచియుందురు. అది 1767లో తెఱువబడినది. అందు ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు కుమారుడగు వాల్టర్ లాండర్ డికెన్సు పేరుతో ఒక రాయి కలదు. ఆ యువకుడు సైనికోద్యోగియై 1863 డిసెంబరు 31న కలకత్తాలో మరణించెను. వయస్సు 22 సంవత్సరములు. ఆ వార్త 1864 ఫిబ్రవరి 7న, తండ్రి పుట్టినరోజునాడు, ఆయనకు చేరినది. అతనిని పూడ్చినది భవానీపురములోని సైనికశ్మశానమున. 1987లో జాదవపూరు విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఆ రాతిని సౌత్ పార్కు వీధికి తెచ్చి నిలిపిరి. వారు చేసినది మంచిపనియే, రాయి బ్రదికినది. కాని ఆ రాతికడ పూలు పెట్టువాడు తెలిసికొనవలసిన సంగతి యొకటున్నది. మనిషి భవానీపురమున ఉన్నాడు, పేరు పార్కు వీధిలో ఉన్నది. ఇంకొక నవలాకారుడు థాకరే తండ్రి, కంపెనీ ఉద్యోగి రిచ్మండ్ థాకరే 1815లో మరణింపగా, ఎదుటనున్న నార్త్ పార్కు వీధి శ్మశానమున పూడ్చిరి. ఇరువదవ శతాబ్ది నడుమ ఆ శ్మశానమునే చదును చేసివేసిరి. అచ్చట ఇప్పుడు వెదకుటకు రాయియే లేదు.

కావున రెండవ పొరపాటు ముఖ్యమైనది. వెదకుట కాగితముతో మొదలు కావలెను. మదరాసు సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రతిష్ఠింపబడినది. జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు వ్రాయు పుస్తకము అచ్చట ఆ యేటినుండియే మొదలైనది. తరువాతి కాలమున ప్రతి స్టేషనులోని పాదిరియు తన పుస్తకములోని పద్దులకు నకలు వ్రాసి మదరాసునకు పంపవలసియుండెను. మదరాసులో గుమాస్తాలు వానిని కలిపి మఱల నకలు వ్రాసి లండనునకు పంపెడివారు. పాదిరి లేని ఊరిలో కలెక్టరో సైనికాధికారియో ప్రార్థన చదివి, తానే ఒక పత్రము వ్రాసి పంపెడివాడు. లండనునకు చేరిన ఆ నకళ్లు 1698 మొదలుకొని బ్రిటిష్ గ్రంథాలయములో, ఇండియా ఆఫీసు దస్త్రములలో ఎన్/2 అను వరుసలో భద్రముగా ఉన్నవి. బందరులో చెదలు తినిన పుస్తకమునకు, భీమునిపట్టణములో ఊడిపోయిన పలకకు, అచ్చట ఒక్క పంక్తి సమాధానము దొరకవచ్చును. ఆ పంక్తి వ్రాసిన గుమాస్తాకు తాను ఒక కుటుంబపు జ్ఞాపకమును కాపాడుచున్నానని తెలియదు. వాని దృష్టిలో అది నెలాఖరుకు తెమల్చవలసిన పని.

రాళ్లకును ఇట్టి నకళ్లు కలవు. భట్టిప్రోలు స్తూపములో ధాతుకరండములను 1892లో వెలికి తీసిన అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖాధికారి, మదరాసు రాజధానిలోని డచ్చి కట్టడములను సమాధులను పరిశీలించి, 1897లో ఒక గ్రంథము ప్రకటించెను. సివిలు సర్వీసు ఉద్యోగి జూలియన్ జేమ్స్ కాటన్ రాజధాని అంతటి సమాధిశాసనములను చేర్చి 1905లో ఒక పెద్ద పట్టిక అచ్చొత్తించెను. ఆనాడు అక్షరములు ఇంకను చదువుటకు వీలుగా ఉండెను. నేడు రాతిమీద నున్నబడిన పేరు కాటను పుటలో స్పష్టముగా ఉండవచ్చును. 1976లో థియాన్ విల్కిన్సన్ పూనికతో దక్షిణాసియాలోని యూరోపియను శ్మశానముల కొఱకు లండనులో ఒక సంఘము ఏర్పడి, శాసనములు వ్రాసికొనుట, ఛాయాచిత్రములు తీయుట చేయుచు వచ్చినది. అన్వేషకుడు మొదట పుస్తకములోని పద్దును, పిదప ఈ పట్టికలను, పిదప ఊరి పాత పటమును చూచి, చివరకు దొడ్డిలోనికి పోవలెను. అప్పుడు తాను ఏ మూల ఏ ఆకారపు రాతికై వెదకుచున్నాడో అతనికి తెలిసియుండును. వట్టి ఒక ఏడు, ఒక అక్షరము కనబడినను అతడు గుర్తింపగలడు.

రాతిని చదువుటకు గూడ ఒక ఓర్పు కావలెను. మిట్టమధ్యాహ్నము వెలుతురు నెత్తిమీదినుండి పడుటచే అక్షరములకు నీడ ఉండదు. సూర్యోదయమున గాని సూర్యాస్తమయమున గాని ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరము గూడ సన్నని నీడ వేయును. ఎండ లేని మూలనున్న రాతిమీదికి ఒక అద్దముతో వెలుగును ప్రక్కనుండి త్రిప్పవచ్చును. మంచినీటితో తడిపి మెత్తని కుంచెతో మన్ను తుడువవచ్చును. తీగెకుంచెతో గీకుట, ఆమ్లము పోయుట, సుద్దతో అక్షరములు నింపుట మాత్రము కూడదు. నూఱేండ్ల వాన చేయలేని చెఱుపును ఇవి ఒక్క పూటలో చేయును. శాసనపరిశోధకులు కాగితము తడిపి రాతిపై పఱచి, కుంచెతో అదిమి, సిరా అద్ది ప్రతి తీయుట అందఱకును తెలిసినదే. పొట్టులేచుచున్న రాతికి అదియును పనికిరాదు. దానికి ఛాయాచిత్రమే శరణ్యము.

చదివినదానిని అర్థము చేసికొనుటలో మఱికొన్ని చిక్కులున్నవి. ఒకటి తేదీ. హాలండువారు 1583 నాటికే కొత్త క్యాలెండరును అవలంబించిరి. ఇంగ్లీషువారు 1752 వఱకు పాతదానినే పట్టుకొనియుండిరి. పదునేడవ శతాబ్దమున రెంటికిని 10 దినముల తేడా. 1700 ఫిబ్రవరి తరువాత అది 11 దినములైనది. పైగా ఇంగ్లీషువారికి చట్టప్రకారము సంవత్సరాది మార్చి 25. కావున బందరులో ఒకే సాయంకాలమున చనిపోయిన డచ్చి వర్తకునికిని ఇంగ్లీషు వర్తకునికిని వేర్వేఱు తేదీలు పడియుండును. ఇంగ్లీషు పుస్తకములో 1690 ఫిబ్రవరి అని యున్నది నేటి లెక్కకు 1691 కావచ్చును. చాంద్రమానపు ఉగాదియు సౌరమానపు సంవత్సరాదియు ఒకే దేశమున చూచిన తెలుగువారికి ఇది వింత కాదు. అయినను ఈ సంగతి ఎఱుగనివాడు రాతిమీది తేదీకిని పుస్తకములోని తేదీకిని పొంతన కుదరక, ఇద్దఱు వేఱు మనుష్యులని నిశ్చయించుకొనును.

రెండవది ఊరి పేరు. విదేశీయుల వ్రాతలో శ్రీకాకుళము చికాకోల్ అయినది, కాకినాడ కొకనాడ అయినది, ఏలూరు ఎల్లోర్ అయినది, భీమునిపట్టణము బింలిపటాం అయినది. ఇవి పెద్ద ఊళ్లు గనుక ఊహింపవచ్చును. చిన్న గ్రామముల పేర్లు ఇంతకంటె ఘోరముగా మాఱినవి. వానిని విప్పగలిగినవారు ఆ తాలూకా యాస వినియున్న తెలుగువారు మాత్రమే.

ఈ మాట వచ్చినప్పుడు, రాయి అసలే లేనివారిని మఱవరాదు. కంపెనీ కాలపు జ్ఞానస్నానపు పుస్తకములలో తండ్రి పేరు, హోదా పూర్తిగా వ్రాసి, తల్లి స్థానమున దేశీయ స్త్రీ యని మాత్రమే వ్రాసిన పద్దులు పెక్కులు కలవు. ఆమె పేరు ఆనాడు ఒక్కమాట వ్రాసియున్నచో నేటి వారసులకు ఒక కుటుంబము, ఒక ఊరు, ఒక భాష దొరకియుండును. గుమాస్తా వ్రాయలేదు, అధికారి అడుగలేదు. అంతటితో ఆ దారి మూసికొనిపోయినది.

ఇందుకు వ్యతిరేకమైన ఉదాహరణము దక్షిణాఫ్రికాలో నున్నది. చెఱకుతోటల పనికై 1860 అక్టోబరులో మదరాసునుండి ట్రూరో అను ఓడ బయలుదేఱి, నవంబరు 16న డర్బను చేరినది. 1911 వఱకు అట్లు నేటాలునకు పోయినవారు 1,52,000 మందికి పైబడిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాడు జిల్లాలనుండి పోయిన తెలుగువారు వేలకొలది. 1911 వఱకు నేటి చిత్తూరు ప్రాంతము ఉత్తర ఆర్కాడులోనిదే. తోటలలో చనిపోయిన కూలివాండ్రలో పెక్కుమందికి రాయి నిలిపినవారు లేరు. కాని ఓడ జాబితా వ్రాసిన గుమాస్తా ప్రతి మనిషికిని ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చ వరుసగా వ్రాసెను. అతని ఉద్దేశము దయ కాదు, పాఱిపోయిన కూలివానిని పట్టుకొనుటకు గుర్తు. అయినను అయిదు తరముల పిదప, 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్న ఆ తెలుగువారి సంతతికి, తమ ముత్తాత ఊరు చెప్పగలిగిన ఏకైక సాక్షి చాలమాఱులు ఆ పుటయే. మొదటివారికి రాయియున్నను పేరు పోయినది. వీరికి రాయి లేకున్నను పేరు మిగిలినది.

నకలు విలువను తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన పనిలేదు. కల్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దము చివర అమరావతి స్తూపమును చూచునాటికే ఊరి కట్టడములకై పలకలు తరలిపోవుచుండెను. 1816లో అతడు చిత్రకారులతో మఱల వచ్చి, మిగిలినవానిని కొలతలతో గీయించెను. తరువాత వానిలో కొన్ని సున్నపు బట్టీలలో పడినవి, కొన్ని కనబడకుండ పోయినవి. వాని రూపము ఆ చిత్రములలోనే మిగిలియున్నది. ఏలూరివాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య, అతని తరువాత తమ్ముడు లక్ష్మయ్య మెకంజీకి సహాయకులై ఊరూర తిరిగి, కైఫియతులు సేకరించి, శాసనములకు నకళ్లు వ్రాయించిరి. ఆ సంపుటములలో 8,000 లకు పైగా శాసనముల నకళ్లు చేరినవి. తెలుగు రాజుల చరిత్ర వ్రాసినవారందఱును వానికి ఋణపడియున్నవారే. ఆ కైఫియతులు చెడిపోవుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానిలో పెక్కింటికి మఱల నకళ్లు వ్రాయించెను. మెకంజీ 1821 మే 8న మరణించి, కలకత్తాలో పైని చెప్పిన సౌత్ పార్కు వీధి శ్మశానముననే పూడ్చబడెను. కలకత్తాలోని తెలుగువారు ఏడాదికొకసారి ఆ సమాధిని చూచివచ్చినను తగియుండును. బొఱ్ఱయ్య 1803లోనే మరణించెను. అతనిని నేడు తెలుగువారు తలచుకొనుటకు అతని వ్రాతలే ఆధారము.

ఈ సభలోనున్నవారిలో చాలమంది పని దస్త్రములతోడిది. అసలుతో సరిచూడబడిన నకలు అని వ్రాసి సంతకము పెట్టుట వారికి దినచర్య. ఆ విద్యయే ఇచ్చట కావలెను. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకము తీసికొని, ఊరి వెలుపలి వీరగల్లుకడకు గాని, చర్చి వెనుకనున్న సమాధులకడకు గాని, తాత పూడ్చబడిన చోటికి గాని ఒక ఉదయము పోవుట కష్టము కాదు. రాతిమీది వ్రాతను పంక్తికి పంక్తిగా, తప్పులతో సహా ఉన్నదున్నట్లు వ్రాయవలెను. పోయిన అక్షరములకు చుక్కలు పెట్టవలెను. ఊహించి పూరింపరాదు. పూరించినచో అది నకలు కాదు, వ్రాసినవాని అభిప్రాయము. రాతి కొలతలు, అది ఏ దిక్కున నున్నది, ఎన్నవ వరుసలోనిది, వ్రాసిన తేదీ చేర్చవలెను. ఒక ఛాయాచిత్రము జత చేయవలెను. ఒక ప్రతి ఆ చర్చికో పంచాయతీకో ఇచ్చి, రెండవది జిల్లా గ్రంథాలయమునకు ఇచ్చి, మూడవది ఇంట ఉంచుకొనవలెను. రక్షిత కట్టడములలో పురావస్తు శాఖవారి అనుమతి లేనిదే రాతిని ముట్టరాదు, చూచి వ్రాసికొనుటకు మాత్రము ఎవరును అడ్డుచెప్పరు.

పోయినవారు తిరిగి రారు, వారి రాళ్లును ఎల్లకాలము ఉండవు. అన్ని శ్మశానములను బాగుచేయుటకు ధనము చాలదు. ఊరు పెరిగి, బాటలు వెడల్పు కావలసివచ్చినప్పుడు కొన్ని సమాధులు పోకతప్పదు. ఆ రాయి పోవుటకు ముందు ఎవరైన దానిని చదివి వ్రాసియుంచిరా యన్నదే ప్రశ్న. వ్రాసియున్నచో ఏ దేశమునుండియో వచ్చిన మునిమనుమడు కనీసము ఒక పుట తెఱచి తన వంశపు పేరు చదువుకొనును. వ్రాయనిచో అతడు వట్టి నేలను చూచి పోవలసియుండును. ఈ రెంటి నడుమ నున్నది ఒక ఉదయపు శ్రమ మాత్రమే. ఈ సంఘ సభ్యులలో పదిమంది వచ్చు వేసవిలో తలకొక పుట వ్రాసి తెచ్చిరేని, రాబోవు సంచికలో ఆ పుటలకే మొదటి స్థానము లభించుగాక.